రెండో కొవ్వొత్తి

“ఇద్దరు. ఎన్నిసార్లు అడిగినా ఇద్దరే,” అంది రోసమ్మ టీచర్.

బుధవారం మధ్యాహ్నం మూడు ఇరవై. అల్వాల్‌లో ఆమె ఇంటి ముందుగదిలో కూర్చున్నాను. నాకు మిగిలింది పంతొమ్మిది గంటలు. రేపు పొద్దున పదిన్నరకు పోలీసులు బిక్షాన్ని కస్టడీకి ఇమ్మని కోర్టులో అడుగుతారు. ఇచ్చారంటే, ఆ రెండోవాడి పేరు చెప్పేదాకా అతని అరికాళ్ళకు విశ్రాంతి ఉండదు. ఆ పద్ధతి నాకు తెలుసు. పదకొండేళ్ళు ఆ డిపార్ట్‌మెంట్ ఉప్పు తిన్నదాన్నే.

బిక్షం బొల్లారంలో ఒక చిన్న క్రైస్తవ సమాధుల తోటకు కాపలాదారు. మొన్న ఆదివారం, నవంబరు రెండు, సమాధుల పండుగ. ఆ సాయంత్రం అందరూ తమవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, పెద్ద శిలువ దగ్గర ప్రార్థన చేసి, గేటు దగ్గర టీ తాగి ఇళ్ళకు వెళ్తారు. ఆదివారం అందరూ వెళ్ళలేదు. ఏసురత్నం అనే అరవై ఒక్క ఏళ్ళ రిటైర్డ్ టైపిస్టు తన తండ్రి సమాధి గట్టుకు తల పగిలి అక్కడే చచ్చిపోయింది. ఆమె రక్తం బిక్షం చొక్కా మీద ఉంది. నాన్న సమాధికి సున్నం వెయ్యలేదని ఆమె అతన్ని ఆ పొద్దునే నలుగురిలో తిట్టింది కూడా. పోలీసులకు అది చాలు. పైగా కళ్ళారా చూసిన సాక్షి ఒకరున్నారు. ఆ సాక్షే ఈ రోసమ్మ టీచర్, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బాపట్ల నుంచి వచ్చి నలభై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడింది.

నన్ను పెట్టుకున్నది బిక్షం భార్య బుచ్చమ్మ. నా పేరు కల్పలత. ఏ.ఎస్. రావు నగర్‌లో బోర్డు తగిలించుకుని పెళ్ళికొడుకుల తాగుళ్ళూ తిరుగుళ్ళూ ఆరా తీసే ప్రైవేటు డిటెక్టివ్‌ని.

“టైమెంత టీచర్ గారూ?”

“ఐదూ యాభై ఐదు. వాచీ చూసుకున్నాను.”

“మీరెక్కడున్నారు?”

“పెద్ద శిలువ దగ్గర. ప్రార్థన పావు తక్కువ ఆరుకే అయిపోయింది. అందరూ టీకి గేటు దగ్గరికి వెళ్ళారు. నా మోకాళ్ళ సంగతి నీకేం తెలుసమ్మాయ్, నేను అందరిలా గబగబా పోలేను.”

“ఏం చూశారు?”

“ఇద్దరు పరుగెత్తారు. ఒకడు బిక్షం. రెండోవాడు వాడి పక్కనే.”

“ఎటు నుంచి ఎటు?”

“కాపలావాళ్ళ షెడ్డు నుంచి ఏసురత్నం వాళ్ళ నాన్న సమాధి వైపు.”

నా పెన్ను ఆగింది. చంపి పారిపోయేవాడు శవం వైపు ఎందుకు పరుగెత్తుతాడు? స్టేషన్‌లో రాసుకున్న స్టేట్‌మెంటు నకలు నా సంచిలోనే ఉంది. అందులో ‘ఇద్దరు పరుగెత్తుచుండగా చూచినాను’ అని ఉంది గానీ ఎటు నుంచి ఎటో లేదు. రాసినవాడి చేతులు విరగ!

“రెండోవాడు ఎట్లా ఉన్నాడు?”

“బిక్షం అంతే పొడుగు. అదే నీలం చొక్కా. అడుగు కూడా వాడితో సమంగా పడింది. కొంచెం పలచగా కనిపించాడు.”

“పలచగా అంటే, సన్నగానా?”

“సన్నం కాదమ్మా. వెలిసినట్టు. ఉతికి ఉతికి రంగు పోయిన బట్టలాగా.”

ఆ వెలిసిన మనిషిని నేనెరుగుదును.

అకాడమీలో ఫైరింగ్ పరీక్ష నాడు నాకు టార్గెట్ పక్కన ఇంకో టార్గెట్ కనిపించింది, కాస్త పలచగా. ఐదు గుండ్లూ దాన్నే కొట్టాను. మైదానమంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు నా బ్యాచ్‌మేటు పద్మనాభం. నా కంట్లో ఆస్టిగ్మాటిజం ఉందని తేలింది, అద్దాలు వచ్చాయి, చూపు బాగైంది. పేరు మాత్రం బాగవలేదు. నేను ఏ కేసులో ఏ ఆధారం పట్టుకొచ్చినా “మేడమ్‌కు డబుల్ కనిపిస్తది సార్” అని పద్మనాభం పైవాళ్ళను నవ్వించేవాడు. పదకొండేళ్ళు పళ్ళు కొరుక్కుని, ఒకరోజు రాజీనామా వాళ్ళ ముఖాన కొట్టి వచ్చేశాను. ఇప్పుడు బిక్షం కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ ఎవరనుకున్నారు? ఆ మహానుభావుడే.

రోసమ్మ టీచర్ ముఖం వైపు పరీక్షగా చూశాను. నల్లటి దళసరి ఫ్రేము. ఆ చిన్న ముక్కు మీద నిలవక జారుతోంది. మగవాళ్ళ ఫ్రేము.

“ఈ అద్దాలు మీవేనా?”

“మా హెన్రీ గారివి.” ఆమె వాటిని పైకి తోసుకుంది. “పోవడానికి నెల ముందే చేయించుకున్నారు. కొత్తవి, పారేస్తామా? నాకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక డాక్టర్ వేరే రాశాడు గానీ, ఆ వారమే ఆయన పోయారు. ఇంక షాపుకు ఎవరు తిరుగుతారు? వీటితో బాగానే కనిపిస్తుంది. లైట్లు కాస్త చెదురుతాయి. వయసు కదమ్మా.”

“ఆదివారం ఆయన సమాధి మీద కొవ్వొత్తి ఎప్పుడు వెలిగించారు?”

“ఐదున్నరకు పది నిమిషాలు తక్కువ. ఒక్కటే వెలిగిస్తాను. పిల్లల్లేరు, నేనొక్కదాన్నే కదా.” ఆమె పెదవులు బిగుసుకున్నాయి. “ఆ రెండోది ఎవరిదో పైనున్న ఆయనకే తెలియాలి.”

“ఏ రెండోది?”

“మూడేళ్ళుగా ఇదే తంతు. దగ్గరి చూపుకు అడ్డమని ఈ అద్దాలు తీసి, కొవ్వొత్తి వెలిగించి, మళ్ళీ పెట్టుకుని ప్రార్థనకు వెళ్తాను. శిలువ దగ్గర నిలబడి వెనక్కి చూస్తే అక్కడ రెండు వెలుగుతుంటాయి.”

“దగ్గరికెళ్ళి చూడలేదా?”

“దేనికి?” ఆ గొంతు ఒక్కసారిగా పదునెక్కింది. “నా మొగుడి సమాధి మీద ఎవతో పెట్టిన కొవ్వొత్తిని నేను వంగి చూడాలా?”

“ఏసురత్నం గారు మీకు తెలుసా?”

“హెన్రీ గారి ఆఫీసులో టైపిస్టు. ఇరవై ఏళ్ళు పక్క టేబులు.”

“ఎట్లాంటి మనిషి?”

“తీర్పు తీర్చడానికి నేనెవర్నమ్మా?”

పుస్తకం మూసేశాను. నా బుద్ధి అప్పుడు గడ్డి మేసింది. రెండోవాడు లేడని తేలిపోతుంది, పద్మనాభం ముఖం మాడిపోతుంది అన్న సంబరమే నా బుర్ర నిండా ఉంది. సాయంత్రం ఐదున్నరకు బుచ్చమ్మ మరిది ఆటో తెస్తాడు, ఒక్కసారి సమాధుల తోటకు రండి, మీరు నిలబడ్డ చోటు చూపించండి అని అడిగాను. సరేనంది.

నాలుగు ఇరవైకి ఏ.ఎస్. రావు నగర్‌లో కళ్ళద్దాల షాపులో ఉన్నాను. షాపు రోనాల్డ్‌ది. హెన్రీ కుటుంబానికి ఎప్పుడూ అతనే చేస్తాడని వచ్చేముందు టీచరే చెప్పింది. పాత కార్డులు రెండూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

“అంకుల్‌కు ఆస్టిగ్మాటిజం సిలిండర్ పవర్ జాస్తి మేడమ్, అడ్డానికి. ఆంటీకి ఆపరేషన్ తర్వాత వచ్చింది నిలువుకు. ఆయన అద్దాలు ఆమె పెట్టుకుంటే ఉన్న తక్లీఫ్ పోదు, ఇంకింత పెరుగుతది.”

“నాకు తెలుసు. కోర్టులో జడ్జికి అర్థమయ్యేటట్టు చెప్పు.”

“కన్ను బంతి లెక్క గుండ్రంగ ఉండాలె. కొందరికి కోడిగుడ్డు లెక్క ఉంటది. అప్పుడు వెలుతురు ఒక్క కాడ కూడదు. మనిషి పక్కన ఇంకో మనిషి, దీపం పక్కన ఇంకో దీపం, జెర పలచగ. మసక చీకట్ల ఇంకా ఎక్కువ.”

“ఒక కన్ను మూస్తే?”

“పోదు. రెండు కండ్లు కలువక వచ్చేదైతే ఒకటి మూస్తే పోతది. ఇది ఒక్కొక్క కంట్ల ఉన్న తప్పు. ఒక కన్ను మూసినా రెండే.”

అతను సొరుగు లాగి ఒక కవరు తీశాడు. మీద దుమ్ము. లోపల సన్నటి బంగారురంగు ఫ్రేము.

“ఇవి ఆంటీవి. మూడేండ్ల సంది గిట్లనే పడున్నయి. నాలుగుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలే.”

కవరు సంచిలో వేసుకున్నాను.

ఐదుంబావుకు బొల్లారం చేరాను. సమాధుల తోటలో బుచ్చమ్మ ఒక్కతే ఉంది. మూడు రోజుల్నుంచి అన్నం ముట్టిన ముఖం కాదది. శిలువ దగ్గర నిలబడితే, దారికి కుడివైపు హెన్రీ సమాధి, నలభై రెండు అడుగులు. ఎడమవైపు ఏసురత్నం తండ్రిది, ముప్పై. ఆ గట్టు మూల మీద రక్తం ఎండి నల్లబడింది. చుట్టూ పెనుగులాడిన గుర్తుల్లేవు, ఈడ్చిన చారల్లేవు. ఒక్క పడడం, ఒక్క దెబ్బ. దానికి ఇద్దరు మగాళ్ళు దేనికి?

హెన్రీ సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. చుట్టూ ఉన్న సమాధుల మీద పదేసి పదిహేనేసి మైనం మరకలు. దీని మీద ఒక్కటి.

“ఎవరైనా గీకిండ్రా బుచ్చమ్మా?”

“లేదు మేడమ్. పండుగైనంక వారం దాకా మైనం ముట్టం. ముందుగాల గీకితే వచ్చినోళ్ళ మనసు నొచ్చుకుంటది.”

“సున్నం ఎప్పుడు వేసిన్రు?”

“దీనికి శనివారం పొద్దుగూకంగ. మా ఆయనే ఏసిండు.”

పచ్చి సున్నం మీద మైనం పడితే, దాన్ని ఊడదీసినప్పుడు పెచ్చు లేచి వస్తుంది. టార్చి వేసి, గోటితో తడిమి, మూలమూలా చూశాను. పెచ్చు ఎక్కడా లేవలేదు. అంటే ఆదివారం రెండో కొవ్వొత్తి ఇక్కడ నిలబడనే లేదు. రెండోవాడు ఎట్లాంటివాడో రెండో కొవ్వొత్తీ అట్లాంటిదే.

“మా మరిదిని రేపు పట్కపోతరంట మేడమ్,” అంది బుచ్చమ్మ. “రెండోటోడు వాడేనని ఒప్పుకొమ్మంటున్నరంట. మా ఆయన ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే ఆయనను చంపుతరు.”

“చంపరు. జెర ధైర్యంగ ఉండు,” అన్నాను. నాకే అంత ధైర్యం లేదు.

ఐదు నలభైకి ఆటో దిగి రోసమ్మ టీచర్ నెమ్మదిగా శిలువ దాకా నడిచింది. ఆటో వెనకే జీపు, బుచ్చమ్మ మరిది మీద నిఘా కాబోలు. పద్మనాభం దిగాడు, వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు.

“ఏందీ కల్పలతా? నా సాక్షికి ట్యూషన్ షురూ చేసినవా?”

“నీ సాక్షికి కాదు, నీకు. నిలబడి చూడు.”

“సాక్షిని చెడగొట్టుడు కేసు అయితది. లోపలేస్త.”

“వెయ్యి. ముందుగాల చెప్పు, ఆ రెండోటోన్ని యాడ నుంచి తెస్తున్నవ్?”

“బిక్షం తమ్ముడు. ఆదివారం సాయంత్రం ఏడున్నడో సక్కగ చెప్తలేడు. ఒకడు పట్టుకున్నడు, ఒకడు తోసిండు. సాఫ్ కేసు.”

“లేని మనిషిని పుట్టిస్తున్నవ్ పద్మనాభం.”

“లేనోళ్ళను చూసుడు నీ పని గదా?” అతను కానిస్టేబుళ్ళ వైపు తిరిగాడు. “మేడమ్ ఫైరింగ్‌ల ఐదుకు ఐదు కొట్టిన్రు. పక్కనున్న గాలిని!”

వాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళైనా ఆ నవ్వు వింటే నా చెవులు మండుతాయి.

“పది నిమిషాలియ్యి. నా మాట తప్పైతే రేపే నా బోర్డు పీకేస్త.”

“ఐదు నిమిషాలు,” అన్నాడు, చేతులు కట్టుకుని.

ఐదు యాభై రెండు. ఆదివారం మాదిరే మసక వెలుతురు. బుచ్చమ్మకు కొవ్వొత్తి, అగ్గిపెట్టె ఇచ్చి షెడ్డు దగ్గరికి పంపాను. అక్కడ వెలిగించి, చెయ్యి అడ్డం పెట్టుకుని హెన్రీ సమాధి దాకా నడవమన్నాను. రోసమ్మ టీచర్ భర్త అద్దాలు సర్దుకుని చూస్తోంది.

“ఎవరమ్మా ఆ ఇద్దరాడవాళ్ళు?” అంది.

పద్మనాభం నవ్వు సగంలో ఆగింది. బుచ్చమ్మ వైపు చూశాడు, ఆమె వెనక్కి చూశాడు. బుచ్చమ్మ తప్ప అక్కడ పురుగు లేదు.

“టీచరమ్మా, జెర సక్కగ చూడుండ్రి.”

“చూస్తూనే ఉన్నానయ్యా. ఇద్దరు. ఒకే రంగు చీరలు. పక్కావిడ కాస్త పలచగా ఉంది.”

“ఎడమ కన్ను మూయండి టీచర్ గారూ,” అన్నాను. “ఇప్పుడు?”

“ఇద్దరే.”

“అది తెరిచి కుడిది మూయండి.”

“ఇద్దరేనమ్మా. ఎన్నిసార్లు?”

నేను పద్మనాభం ముఖంలోకి చూశాను. “ఇగో నీ రెండోటోడు. కళ్ళద్దాల షాపులో కార్డులున్నయి, రేపు కోర్టుల పెడ్త. బిక్షం చొక్కా, బిక్షం అడుగు, బిక్షం పొడుగు. ఉన్నది బిక్షం ఒక్కడే. అదీ శవం దిక్కు ఉరికిండు, శవం కాడ నుంచి కాదు.”

అతని ముఖం మాడిపోయింది. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న ముఖం అది. ఇంకాస్త సేపు చూడాలనిపించింది. అందుకే ఆపకుండా రెండో పరీక్షకు దిగాను. దాని అవసరం లేదు. కేవలం నా గొప్ప కోసం దిగాను.

బుచ్చమ్మ కొవ్వొత్తిని హెన్రీ సమాధి మీద నిలబెట్టింది.

“ఎన్ని టీచర్ గారూ?”

ఆమె ముఖం గట్టిపడింది. “రెండు. చూశావా? మళ్ళీ రెండు.”

“ఇప్పుడు ఇవి పెట్టుకోండి. ఇవి మీవి. మూడేళ్ళుగా షాపు సొరుగులో ఉన్నాయి.”

ఆమె హెన్రీ అద్దాలు తీసి నా చేతికిచ్చి, బంగారురంగు ఫ్రేము పెట్టుకుంది. చూసింది. చాలాసేపు చూసింది. నా చేతిలోంచి పాతవి లాక్కుని పెట్టుకుంది, మళ్ళీ తీసింది, కొత్తవి పెట్టుకుంది.

“ఒకటే,” అంది.

“ఒకటే టీచర్ గారూ.”

“కిందటేడు? ఆ ముందేడు?”

“అన్నేళ్ళూ ఒకటే. మీరు పెట్టిందే. ఇంకెవరూ పెట్టలేదు.”

“అయితే మా హెన్రీకి ఎవరూ లేరా?”

“ఎవరూ లేరు.”

రోసమ్మ టీచర్ నవ్వింది. చిన్నపిల్లలా, నోటి నిండా నవ్వింది. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. “దేవునికి స్తోత్రం,” అంది. “మూడేళ్ళు ఆయన్ని ఎన్ని మాటలన్నాను! సమాధిలో ఉన్న మనిషిని! దేవునికి స్తోత్రం.” నా చెయ్యి పట్టుకుని ఊపింది. “అయితే అది నిజమే చెప్పిందమ్మాయ్.”

“ఎవరు?”

“ఏసురత్నం.”

పద్మనాభం తల తిప్పాడు. నా చేతిని ఆమె ఇంకా వదల్లేదు.

“ఆదివారం ప్రార్థనకు అందరికంటే వెనక వచ్చింది. హెన్రీ గారి సమాధి వైపు చూస్తే కొవ్వొత్తులు రెండు. ఇంక ఓర్చుకోలేకపోయాను. అందరూ టీకి వెళ్ళాక వాళ్ళ నాన్న సమాధి దగ్గరికి వెళ్ళి దాన్ని అడిగేశాను. నేను వెలిగించలేదక్కా, దేవుని తోడు అంది. మేం ఒట్లు పెట్టుకోం అమ్మాయ్. అవునంటే అవును, కాదంటే కాదు. ముప్పై ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకు ఆ బైబిలు వాక్యం నేనే నేర్పాను. ఉత్తినే ‘కాదక్కా’ అని ఊరుకుంటే నమ్మేదాన్ని. విశ్వాసి నోట ఒట్టు వచ్చిందంటే అబద్ధం కాక ఇంకేముంది అనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని మళ్ళీ ఒట్టు పెట్టింది. ఒళ్ళు మండిపోయి తోసేశాను. కేక పెట్టింది. నేను తిరిగి చూడకుండా శిలువ దాకా వచ్చేశాను...”

మాట అక్కడ తెగిపోయింది. తానేం చెప్పిందో అప్పుడు తెలిసింది ఆమెకు. ముఖంలోని సంతోషమంతా కొద్దికొద్దిగా దిగిపోతుంటే, చూడలేక నేను నేల వైపు చూశాను.

బుచ్చమ్మ ఎప్పుడు వచ్చిందో, మా పక్కనే నిలబడి ఉంది.

“మీరు తోసిన్రా టీచరమ్మా? మరి మా ఆయన?”

“ఆ కేక విని పరుగెత్తుకొచ్చాడు. లేపడానికి. నేను శిలువ దగ్గర నుంచి చూశాను.”

“ఆయన లేపుతందుకు ఉరికిండని మీకు ఎరికేనా?”

“ఎరికే.”

“ఎరికుండి సుత మూడొద్దులు ఊకున్నరా? ఆయనను లోపలేసి కొడ్తుంటే ఊకున్నరా?”

రోసమ్మ టీచర్ వీపు నిటారు చేసుకుంది. తల వంచలేదు.

“నేను అబద్ధమాడలేదు బుచ్చమ్మా. ఎంతమంది పరుగెత్తారని అడిగారు. కళ్ళతో చూసింది చెప్పాను. నువ్వు దానితో మాట్లాడావా, నువ్వు దాన్ని ముట్టుకున్నావా అని నన్ను ఎవరూ అడగలేదు.”

పద్మనాభం కేసు ఫైలు తెరిచి స్టేట్‌మెంటు కాగితం తీశాడు. పైనుంచి కిందికి చదివాడు, వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. నేను నా పుస్తకం తెరవలేదు. అందులోనూ ఆ ప్రశ్న లేదని నాకు తెలుసు.

“మా ఆయనను ఎప్పుడిడుస్తరు సారూ?” అంది బుచ్చమ్మ.

పద్మనాభం ఫైలు మూశాడు. “రేపు కోర్టుల రిపోర్టు పెడ్త. జడ్జి ఆర్డర్ అయినంక. పదిన్నర, పదకొండు.”

“అంటే ఇంకో రాత్రి లోపలనేనా?”

ఆమె ముందు అతన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.